పులులను కొట్టేసే టీచరమ్మ

ఉమామహేశ్వరమ్మ టీచరుకు పులులంటే పడదు.

నల్లమలలో తిరిగే పులులతో ఆమెకు పేచీ లేదు. వాటి జోలికి ఆమె పోదు, ఆమె జోలికి అవి రావు. వస్తే నష్టం వాటికే. ఆమెకు పడనివి కథల్లో పులులు. ఎవరైనా తమ తాత గొప్పతనం చెప్పడం మొదలుపెట్టి, గొంతు తగ్గించి, "ఒకసారి అడివిలో ఏమైందంటే..." అన్నారో, ఆమె కళ్ళద్దాలు ముక్కు చివరికి జారతాయి, ఎర్ర పెన్ను మూత ఊడుతుంది.

"ఆగు. పులి వచ్చింది. చంపినాడు. అంతేనా?"

"మీకెట్ల తెలుసు మేడం?"

"మొన్న వచ్చినోళ్ళ తాత కూడా చంపినాడు. అంతకుముందు వచ్చినోళ్ళ ముత్తాత కూడా. ఇంతమంది చంపినాక ఇంగా నల్లమలలో పులులు ఎట్ల మిగిలినాయప్పా?"

తర్వాత ఎర్ర పెన్ను కాగితం మీద అడ్డంగా పోతుంది. పులి ఎగిరిపోతుంది. ఒక్కోసారి పులితో పాటు బేరం కూడా ఎగిరిపోతుంది. అప్పుడు బాధపడేది మేము.

మేము అంటే ఆదినారాయణ ఆచారి, నేను. ఆళ్లగడ్డలో రోడ్డు పక్కన ఆదినారాయణ శిల్పశాల ఉంది. దేవుళ్ళ విగ్రహాలు, మనుషుల విగ్రహాలు ఆయన చేస్తాడు. నా పేరు శాంతయ్య. విగ్రహం కింద దిమ్మె మీద అక్షరాలు చెక్కి తెల్లరంగు నింపేది నేను. దేవుళ్ళతో మాకు ఏ ఇబ్బందీ లేదు. వాళ్ళు ఎవరో అందరికీ తెలుసు కాబట్టి కింద ఏమీ రాయక్కర్లేదు. మనుషులకు మాత్రం రాయాలి. ఆ రాసిచ్చేది టీచరమ్మ.

ఆమెను మేము పిలవలేదు. నంద్యాల హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన కొత్తలో ఏదో పెళ్ళికి ఆళ్లగడ్డ వచ్చి, తిరుగు బస్సు కోసం మా షెడ్డు ముందు నిలబడింది. గోడకు ఆనించిన రాయి మీద 'ప్రథమ వర్థంతి' అని కనపడింది. అంతే, లోపలికి వచ్చేసింది.

"ఈ థ ఎవురిది?"

"కాగితంలో అట్లే ఉందమ్మా" అన్నాను.

"కాగితంలో బాయిలో దూకమని ఉంటే దూకుతావా? వర్ధంతికి ధ. పొట్టలో చుక్క లేని ధ. సచ్చినాయన ఇంగ నోరు తెరిచి అడగలేడని ఏదంటే అది చెక్కుతారా?"

ఆ రోజు ఆమె బస్సు పోయింది. ఆ తర్వాతి బస్సు కూడా పోయింది. మర్నాడు పొద్దున నంద్యాల నుంచి మొదటి బస్సులో సొంత ప్లాస్టిక్ కుర్చీతో దిగింది. కండక్టరు కుర్చీకి లగేజీ టికెట్టు కొట్టాడట. దాని మీద మధ్యాహ్నం దాకా మండిపడింది. అప్పటినుంచీ, సగం ముక్కు చెక్కిన దేవుళ్ళ మధ్య ఆ కుర్చీ ఉంది, అందులో ఆమె ఉంది.

కొన్నాళ్ళు తప్పులు దిద్దడంతో సరిపెట్టుకుంది. వచ్చిన వాళ్ళు చెప్పే జీవితచరిత్రలు వింటూ, వాటిని వాక్యాల్లో పెట్టి ఇచ్చేది. ఆమె మొహం మాత్రం రోజురోజుకూ ఎర్రబడుతూ వచ్చింది. ఒక రోజు సుద్దముక్క తీసుకుని, ఇంకా ఉలి తగలని ఒక నల్లరాయి మీద గబగబా రాసింది: పుట్టేటప్పుడు గాలివాన. వయసొచ్చినాక ఇల్లు వదిలి పోయేది. అడివిలో ఒక పెద్దాయన కనపడి దోవ చెప్పేది. పులిని చంపేది. తిరిగొచ్చి ఊరిని బాగుచేసేది.

"ఇదేంది టీచరమ్మా?" అన్నాడు ఆదినారాయణ.

"నీ బేరాలు. అన్నీ ఇవే. ఇంగ మీదట వచ్చినోళ్ళను పేరు ఒకటి అడుగు. మిగతాదంతా ముందే చెక్కి పెట్టుకో."

ఆమె కోపంతో అన్న మాట అది. ఆదినారాయణ మాత్రం గడ్డం గోక్కుంటూ, "అట్ల చేస్తే పని బేగా అయితాది గదా" అన్నాడు. తర్వాత పది నిమిషాలు ఆమె కేకలకు నేను బయటికి పోయి నిలబడాల్సి వచ్చింది.

ఆమె వాదన ఏమిటంటే, ఇది ఒక్క మా షెడ్డు సంగతే కాదు. ఏ దేశం కథ తీసుకున్నా, ఏ పురాణం తీసుకున్నా వీరుడి కథ ఇదే. రాజకుమారుడు ఇల్లు వదులుతాడు, అడవిలో దోవ తప్పుతాడు, ముసలాయనో ముసలామో ఉపాయం చెబుతారు, రాక్షసుణ్ణి చంపుతాడు, తిరిగి వస్తాడు. "అచ్చు ఒకటే. పోసే మైనమే వేరే" అనేది.

"అంతమంది అదే చెప్పినారంటే నిజమేమో టీచరమ్మా" అన్నాను ఒకసారి.

"క్లాసులో అందరూ ఒకే జవాబు రాస్తే దాన్ని నిజమంటారా, కాపీ అంటారా?"

ఈ సంగతి కనిపెట్టాక ఆమెతో ఎక్కడికైనా పోవడం కష్టమైపోయింది. నంద్యాలలో సినిమాకు తీసుకుపోతే హీరో ఇంట్లోంచి బయటపడగానే, "ఇప్పుడొస్తాడు చూడు ముసలాయన" అంది, చుట్టూ అందరికీ వినపడేటట్టు. ముసలాయన వచ్చాడు. "పాపం, ఇంటర్వెల్ లోపల పోతాడు." ఇంటర్వెల్‌కు కొంచెం ముందు పోయాడు. వెనక వరసలో ఒకాయన లేచి, "అమ్మా, నువ్వు ఈ సినిమా ముందే చూసినావా?" అని అడిగాడు. "మీ అమ్మ కడుపులో ఉన్నప్పుడే చూసినా" అంది ఆమె. మేము ఇంటర్వెల్‌లోనే వచ్చేశాం. వచ్చేశాం అనడం మర్యాద కోసం.

చాగలమర్రి నుంచి ఒక హోటలాయన వచ్చాడు, వాళ్ళ నాయన విగ్రహం కోసం. ఆయన కథలో అడవి లేదు, పులి లేదు. నాకు ప్రాణం లేచి వచ్చింది. వాళ్ళ నాయన ఊరు వదిలి పట్నం పోయాడు, ఒక పెద్దాయన హోటల్లో గిన్నెలు కడిగాడు, సొంత హోటలు పెట్టుకుందామని అప్పుకు పోతే బ్యాంకు మేనేజరు అడ్డం పడ్డాడు, ధైర్యంగా ఎదురు నిలిచి...

"ఆగు" అంది టీచరమ్మ. "మేనేజరే పులి."

"ఏంది మేడం?"

"పులి ప్యాంటు చొక్కా ఏసుకోనొచ్చింది. నన్ను మోసం చేద్దామనుకుంటాండావా? ఇంట్లో మీ నాయన ఎట్ల ఉండేటోడు? జ్వరమొస్తే ఏం చేసేటోడు? మీ అమ్మను ఏమని పిలిచేటోడు?"

హోటలాయన తెల్లమొహం వేశాడు. ఆయనకు ఇవేవీ తెలియవు. వాళ్ళ నాయన గురించి ఆయనకు తెలిసిందల్లా మేనేజరు ఒక్కడే.

ఆమె కోపమంతా అక్కడే ఉండేది. "అందరికీ ఒకే కథ తొడిగితే మనిషి యాడికి పోయినాడు? రాయి మనిషిది, కథ ఎవురిదో. ఎనభై ఏండ్లు బతికినోడు దిమ్మె మీదికి ఎక్కేసరికి ఎవురో అయిపోతాడు." మాకేమో ఆ మనిషి ఎవరైతే ఏమి, డబ్బులిచ్చేవాళ్ళు తృప్తిపడితే చాలు. ఆదినారాయణ బతిమాలేవాడు. "ఒక్క పులి టీచరమ్మా. చిన్నది. పిల్ల పులి." ఆమె వినిపించుకునేది కాదు.

ఇలా ఉండగా సురేష్ వచ్చాడు.

సురేష్‌ది కొత్తపల్లె పక్కన ఒక పల్లె. నల్లమల అంచు. తరాల నుంచి భూములున్న కుటుంబం. తెల్లచొక్కా, పెద్ద కారు. ఆ ఏడాది చనిపోయిన వాళ్ళ తాత శేషయ్య విగ్రహాన్ని ఊరి మొదట్లో పెట్టాలని ఆదినారాయణకు ముందే పురమాయించాడు. విగ్రహం దాదాపు పూర్తయింది. మెలితిరిగిన మీసాలు, భుజాల మీదికి పడే జుట్టు, కుడి పిడికిట్లో పైనుంచి కిందికి రంధ్రం. ఆ రంధ్రంలో ఉక్కు బల్లెం నిలబెట్టాలి. కాళ్ళ దగ్గర పులిని విడిగా చేయాలి. మిగిలింది దిమ్మె మీద రాత.

టీచరమ్మ ఫోనులో ఉన్న ఫోటో చూసింది, విగ్రహం చూసింది. "ఫోటోలో గుండు గదా. ఈ జుట్టు యాడిది?"

"వయసులో ఉండేది మేడం. మా తాతను జడల శేషయ్య అంటారు. అడివిలో ఉండి జడలు కట్టినాయి."

"అడివిలోనా." ఆమె కుర్చీలో సర్దుకుంది. "పుట్టినప్పుడు గాలివానా?"

సురేష్ అదిరిపడ్డాడు. "అవు మేడం. పిడుగు గూడ పడిందంట."

"పదహారేండ్లకు ఇల్లు వదిలి పోయినాడు."

"పద్దెనిమిది."

"దోవలో ఒక ముసలాయన."

"మీది మా ఊరు పక్కనా మేడం?"

"ఇంగ పులి."

సురేష్ గొంతు తగ్గించాడు. "ఒట్టి చేతుల్తో మేడం."

"ఒట్టి చేతుల్తో చంపితే బల్లెం ఎందుకు?"

సురేష్ విగ్రహం పిడికిలి వైపు చూశాడు. "అది... చంపినాక తెచ్చుకున్నాడు."

ఎర్ర పెన్ను మూత ఊడింది. ఆదినారాయణ కళ్ళు మూసుకున్నాడు. కాగితం మీద పిడుగు పోయింది, అడవి పోయింది, పులి పోయింది. చివరికి 'శేషయ్య' అన్న పేరు, రెండు తేదీలు మిగిలాయి.

సురేష్‌కు కోపం వచ్చింది. రాక ఏం చేస్తుంది. "రాయి మాది, తాత మా తాత. ఆయన ఏం చేసినాడో మాకు తెలీదా? మీకేం నొప్పి?"

"ఆయనతో బతికినోళ్ళు ఎవురన్నా ఉండారా ఇంట్లో?"

"మా అవ్వ ఉంది. ఆమెకేం తెలుసు?"

షెడ్డులో ఉలి చప్పుడు ఆగింది. టీచరమ్మ మెల్లగా లేచింది. ఆమె అరిస్తే మాకు భయం లేదు, రోజూ అరుస్తుంది. ఇప్పుడు ఆమె గొంతు చాలా నెమ్మదిగా వచ్చింది.

"ఏమంటివి? ఆమె ఆయనకు అన్నం పెట్టింది. ఆయన గుడ్డలు ఉతికింది. ఆయన గురక విన్నది. ఆమెకేం తెలుసు, నీకు తెలుసు. అంతేనా?"

ఆమె నా వైపు తిరిగింది.

"శాంతయ్యా, సంచి తీ. పోదాం."

సురేష్ కారులో రమ్మన్నాడు. ఆమె ఎక్కలేదు. ఒకరి బండెక్కితే వాళ్ళ పులిని ఒప్పుకోవాల్సి వస్తుందట. ఆళ్లగడ్డ నుంచి నంద్యాల, నంద్యాల నుంచి ఆత్మకూరు, ఆత్మకూరు నుంచి ఆటో. ఆత్మకూరు బస్సులో ముందు సీటులో ఒకాయన ఫోనులో గట్టిగా ఏదో యుద్ధం సినిమా పెట్టుకున్నాడు. ఆమె వంగి చూసి, ఆయనకు మిగతా కథంతా చెప్పేసింది. ఆయన ఫోను కట్టేసి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఎండ, దుమ్ము, ఆమె కోపం. నాకు తల తిరిగిపోయింది. ఒక పులి కోసం ఇంత దూరమా అని లోపల తిట్టుకుంటూనే ఉన్నాను.

సురేష్ మాకంటే ముందే చేరి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అవ్వ పేరు అంకమ్మ. వెనక వసారాలో చాప మీద కూర్చుని చేటలో కందిపప్పు ఏరుతోంది. తొంభైకి దగ్గరగా ఉంటాయి. మేము వచ్చిన సంగతి చెబితే తలెత్తకుండానే, "నాకేం తెలుసమ్మా. మనవళ్ళనడుగు" అంది.

టీచరమ్మ చీర కుచ్చిళ్ళు సర్దుకుని నేల మీద కూర్చుంది. చేటలోంచి ఒక గుప్పెడు పప్పు తీసి తనూ ఏరడం మొదలుపెట్టింది. నేను పులి మాట ఎప్పుడు తీస్తుందా అని చూస్తున్నాను. తీయలేదు.

"పెద్దమ్మా, ఆయనకు ఏ కూరంటే ఇష్టం?"

అంకమ్మ చేయి ఆగింది. ఎవరూ అడగని ప్రశ్న అని ఆమె మొహం చూస్తేనే తెలిసింది.

"వంకాయ. అదీ పుల్లగూర చేస్తేనే. రోజూ అదే అడిగేటోడు. నాకు ఇసుగు పుట్టేది."

"ఇల్లు వదిలి పోయినాడంట గదా, పద్దెనిమిదేండ్లకు."

"పోయినాడు. వాళ్ళ నాయన కొడితే అలిగి నంద్యాలకు పోయినాడు. ఆకలైతే సందేలకు ఇంటికొచ్చినాడు. బస్టాండు కాడ టీకొట్టు ముసలాయన బన్ను ఇచ్చి, బుద్ధి చెప్పి బస్సెక్కిచ్చినాడంట. ఆ బన్ను సంగతి సచ్చేదాకా చెప్పినాడు."

టీచరమ్మ నా వైపు చూసింది. ఇల్లు వదలడం ఉంది, ముసలాయన ఉన్నాడు, తిరిగి రావడం ఉంది. నేను నవ్వు ఆపుకోవడానికి నోట్లో తువ్వాలు పెట్టుకున్నాను.

"మరి పులి పెద్దమ్మా?"

"పులా?" అంకమ్మ బోసినోటితో నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి, దగ్గి, మళ్ళీ నవ్వింది. "బల్లి కనపడితే మంచమెక్కి నన్ను పిలిచేటోడు. పులంట. సేను కాడ ఒకసారి కుక్క తరుముకుంటే చెట్టెక్కినాడమ్మా. దిగనంటే నేను పోయి కుక్కను తోలితి. మా బిడ్డలకు చెప్పేటప్పుడు అది తోడేలు అయింది. మనవళ్ళు పుట్టేసరికి పులి అయింది. ఇంగ వాళ్ళ పిల్లోళ్ళకు ఏమయితాదో."

గుమ్మంలో సురేష్ మొహం చూడాలి. "అవ్వా, గమ్మునుండు" అన్నాడు.

"మరి జడల శేషయ్య అని ఎందుకంటారు?" అంది టీచరమ్మ.

అంకమ్మ నవ్వు ఆగింది. చేట పక్కన పెట్టింది.

"నాలుగో కాన్పు తర్వాత నాకు చేతులు పైకి లేచేటివి గావు. నొప్పులు. ముద్ద నోటికి పోవడమే కష్టం. నలుగురూ ఆడపిల్లలే. వాళ్ళకు తల దువ్వేదెవురు? అత్త కసురుకునేది. ఆయన పొద్దున్నే లేసి, అరుగు మీద కూచోని, వరసగా నలుగురికీ జడలేసేటోడు. లోపల ఎయ్యొచ్చు గదా, అందరూ చూస్తారంటి. ఎలుతురు ఈడ బాగుంటాది అన్నాడు. ఊరంతా నవ్విందమ్మా. మగోడు, పొలమున్నోడు, ఆడపిల్లల జడలేస్తాండాడని. జడల శేషయ్యా అని పేరు పెట్టిరి. ఆయన పలికేటోడు."

"నాకు చేతులు బాగైనాక గూడ మానలే" అంది మళ్ళీ. "ఆయన చేయి మంచిది. నేనల్లితే వదులు. పండగొస్తే పక్కిండ్ల పిల్లోళ్ళు గూడ వచ్చి కూచునేటోళ్ళు. ఆడ నిలబడినాడే, వీళ్ళమ్మకు గూడ ఆయనే."

సురేష్ చెవులు ఎర్రబడ్డాయి. వాళ్ళమ్మ శేషయ్య మూడో కూతురట. "అంటే, మా తాత ఆడపిల్లలకు జడలేసినాడని ఊరి మొగదాల రాయి మీద రాయాలనా? నలుగురూ చూసి ఏమనుకుంటారు?"

"అనుకోనీ. ఆయనకు లేని సిగ్గు నీకేందప్పా?" అంది అంకమ్మ.

ఆమె మనవడితో అంత గట్టిగా మాట్లాడటం ఆ ఇంట్లో అదే మొదటిసారి అయివుంటుంది. సురేష్ అవ్వ మొహం, టీచరమ్మ మొహం మార్చి మార్చి చూశాడు. దిక్కుతోచక ఆళ్లగడ్డకు ఫోను చేసి, "పని ఆపు ఆచారీ" అన్నాడు. తర్వాత, తనకు మద్దతు వస్తుందనుకుని, వాళ్ళ పెద్దమ్మకు ఫోను చేశాడు. అదే అతను చేసిన తప్పు. పెద్ద కూతురి గొంతు ఫోను స్పీకరు అక్కర్లేకుండానే వీధిలోకి వినపడింది. "మా నాయన చేతికి బల్లెం ఇచ్చినారా? కూరగాయల కత్తి పట్టుకుంటేనే చేయి వణికేది గదరా. ఎవురప్పా చెప్పింది నీకు పులి అని?"

"నువ్వే చెప్పినావు, నా చిన్నప్పుడు" అన్నాడు సురేష్ దీనంగా.

ఫోనులో గొంతు తగ్గింది. "అది నువ్వు అన్నం తినకుంటే చెప్పినలే" అంది ఆమె.

వారం తిరక్కముందే నలుగురు కూతుళ్ళూ ఆళ్లగడ్డ వచ్చి దిగారు. అందరూ అవ్వలే. విగ్రహం చుట్టూ తిరిగి, ఆ జుట్టు తీసేయమన్నారు. జుట్టు తీయడం తేలిక, బల్లెం తీస్తే పిడికిట్లో బొక్క మిగులుతుంది, రాతికి అతుకు వేయలేనని ఆదినారాయణ మొత్తుకున్నాడు. "మిగలనీ" అన్నారు వాళ్ళు. ఆవిష్కరణ రోజున చిన్న కూతురు ఒక మూర మల్లెపూలు తెచ్చి ఆ రంధ్రంలోంచి తోసి ముడి వేసింది. ఊళ్ళో ముసలమ్మలు కొందరు జడలు ముందుకు వేసుకుని చూపించుకున్నారు, నాకు ఈయనే వేసేవాడు, నాకు ఈయనే వేసేవాడు అని. సురేష్ మొదట్లో కారులోంచి దిగలేదు. తర్వాత దిగాడు.

దిమ్మె మీద టీచరమ్మ రాసింది ఇంతే: 'శేషయ్య, రైతు. భార్యకు చేతులు పైకి లేవని రోజుల్లో నలుగురు బిడ్డలకు, అడిగిన ఊరి పిల్లలకు, అందరూ చూస్తుండగా అరుగు మీద కూర్చుని జడలు వేసినవాడు. కుక్కలంటే భయం.' ఆ చివరి వాక్యం తీసేయమని సురేష్ చేతులు జోడించాడు. ఆమె చాలాసేపు గునిసి, తీసేసింది. ఎర్ర పెన్నుతో, ఎవరి మీదో పగ తీర్చుకుంటున్నట్టు.

పులి బేరం పోయింది. బల్లెం షెడ్డులో ఒక మూల తుప్పు పడుతోంది. ఆదినారాయణ దాన్ని చూసినప్పుడల్లా నిట్టూరుస్తాడు.

పోయిన నెల సురేష్ నుంచి ఫోను వచ్చింది. వానలకు అక్షరాల్లో తెల్లరంగు పోయిందట, వచ్చి మళ్ళీ నింపమన్నాడు. ఆదివారం పోయాను. ఆదివారాలు టీచరమ్మ షెడ్డుకు రాదు. మోకాళ్ళ నొప్పులంటుంది. మేము నమ్మాం, ఆ ఒక్కరోజు మాకు కాస్త ఊపిరాడుతుంది కాబట్టి ఎక్కువ అడగలేదు.

రంగు పని అయ్యాక అంకమ్మకు ఒక మాట చెప్పి పోదామని వాళ్ళింటి వెనక్కు వెళ్ళాను. వసారాలో చాప మీద టీచరమ్మ కూర్చుని ఉంది.

అంకమ్మ చెబుతోంది. అలిగి నంద్యాలకు పోయిన కథ. బస్టాండు, టీకొట్టు, ముసలాయన. ఎవరి కథనూ సగం దాటనివ్వని మనిషి, సినిమా హాల్లో నూరుమంది మధ్య కథ చెప్పేసిన మనిషి, మోకాళ్ళ మీద గడ్డం ఆనించి, "తర్వాత?" అంటోంది. "బన్ను ఇచ్చినాడా? వెన్న రాసిందా, ఉత్తదా?" నాకు తెలిసే ఆమె ఆ కథ వినడం ఇది రెండోసారి. అంకమ్మ ఉత్సాహం చూస్తే ఇంకా చాలాసార్లు విని ఉంటుందని అర్థమైంది.

నన్ను చూడగానే ఆమె మొహం ఎర్రబడింది. "నువ్వెందుకొచ్చినావు ఈడికి?"

"రంగుకు టీచరమ్మా. మీకు మోకాళ్ళ నొప్పులు గదా?"

"ఒకసారి రాతికెక్కినాక తప్పు బయటపడితే జవాబు ఎవురు చెప్పాల? నువ్వా, ఆదినారాయణా? సరిచూసుకునేదానికి వచ్చినా."

"ఆమె మాట నమ్మొద్దప్పా" అంది అంకమ్మ. "నా కాడికే గాదు. రుద్రవరం కాడ ఒకామె ఉందంట, దొర్నిపాడులో ఒకామె, ఆ హోటలాయన తల్లి చాగలమర్రిలో. మీరు రాయి పెట్టినోళ్ళ ఇండ్లల్లో ముసలోళ్ళందరి కాడికీ ఆదివారమొస్తే వరసగా పోతాదంట. రాయి పెట్టినాక మమ్మల్ని ఇంగెవురు అడుగుతారు? ఈమె అడుగుతాది. పోయినసారి ఆ హోటలాయన తల్లి నాకు మామిడికాయ ఊరగాయ పంపింది, ఈమె చేత."

టీచరమ్మ సంచిలోంచి ఒక ఖాళీ ఊరగాయ సీసా తల బయట పెట్టి చూస్తోంది. ఆమె దాన్ని లోపలికి తోసింది.

"ఊరగాయ గురించి ఇప్పుడెందుకు పెద్దమ్మా" అంది విసుగ్గా. "మీరేదో చెప్తాండారు, చెప్పండి."

అంకమ్మ చెప్పలేదు. ఆమెను తేరిపార చూసింది. "అందరికీ రాస్తివి. నీ రాతి మీద ఏం రాస్తారు పాపా?"

"నాకు రాయెందుకు?"

"ఉండనీ. పుట్టినప్పుడు గాలివాన వచ్చిందా?"

"లేదు పెద్దమ్మా. ఉక్కపోత అంట."

"ఇల్లు వదిలి పోయినావా?"

"యాడికి పోతాను? నంద్యాలలోనే పుట్టినా, నంద్యాలలోనే చదువు చెప్పినా, నంద్యాలలోనే ఉండా."

"పులి?" అన్నాను నేను. ఆమె చూసిన చూపుకు రెండడుగులు వెనక్కు వేశాను.

అంకమ్మ కొంగుతో మూతి తుడుచుకుని ఆలోచించింది. "అయితే నేను రాపిస్తా. 'వచ్చి అడిగింది' అని. ఇంగేం వద్దు."

టీచరమ్మ నోరు తెరిచింది. కళ్ళద్దాలు తీసింది, చీర చెంగుతో తుడిచింది, పెట్టుకుంది, మళ్ళీ తీసి తుడిచింది. అన్నేళ్ళలో ఆమెకు మాట దొరక్కపోవడం నేను చూడలేదు. ఆదినారాయణ లేకపోయాడే అనుకున్నాను.

చివరికి గొంతు సవరించుకుంది.

"కర్త యాడ పెద్దమ్మా? ఎవురొచ్చి అడిగింది? ఎవురినడిగింది? ఏమని అడిగింది? కర్త లేని వాక్యం రాతికెక్కిస్తే చదివినోళ్ళు ఏమనుకుంటారు?"

"వాళ్ళకు తెలుసులే. నువ్వు గమ్మున కూచో" అంది అంకమ్మ. "మా రెండో బిడ్డ పెండ్లిలో పెండ్లికొడుకు చెప్పులు కుక్క ఎత్తుకపోయింది, ఆ సంగతి చెప్పలే నీకు..."

ఉమామహేశ్వరమ్మ టీచరు గమ్మున కూర్చుంది.